టెంకాయ నీళ్లు

కళ్యాణదుర్గం రోడ్డు షెడ్డులో ఆటోమేటిక్ కారు బానెట్ ఎత్తి ఉంది. మెకానిక్ నూనె చేతులు తనకు తగలకుండా సావుకారు దూరంగా నిలబడ్డాడు.

"గేరు మారినప్పుడల్లా ఎద్దు తన్నినట్ల తంతాది. గేరుబాక్సు పోయిందని షోరూమోళ్లే చెప్పినారు. నీకేం తెలుస్తాదప్పా?"

"గేరుబాక్సు బాగనే ఉండాది సామీ. దాని కంప్యూటరుకు కరెంటు సరిగ్గా అందల్యా. బ్యాటరీ ఎర్తు వైరు చూడు, పచ్చగా చిలుము పట్టింది."

"అదీ ఆ డ్రైవరు కొండప్పగాడి పనే. బండి పాడుచేసినాడనే తరిమేస్తి."

"ఆయుధపూజకు టెంకాయ నీళ్లు యాడ పోసినారు?"

సావుకారుకు గుర్తొచ్చింది. బ్యాటరీ మీదనే పోశాడు. వద్దన్న కొండప్పను నోర్మూసుకోమన్నాడు. గేరుబాక్సు పోయి ఉంటేనే బాగుండేదని ఇప్పుడనిపించింది.

"నేనే పోస్తి. దేవుని నీళ్లకు చెడతాదా?"

"దేవునికిచ్చినా నీళ్లు నీళ్లే సామీ. దాంట్లో ఉప్పుంటాది."

"సరే, వైరు మార్చు. ఈ సంగతి కొండప్పకు మాత్రం చెప్పొద్దు."

"నేను చెప్పేదేముండాది? మొన్న ఆయప్పే వచ్చినాడు. 'మా సావుకారి బండి ఈడికొస్తే ముందు ఆ ఎర్తు వైరు చూడన్నా' అని చెప్పి పోయినాడు."