పేరు చెప్పని ప్రార్థన

"మన చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు మైకులో ఎవరి పేరూ చెప్పరేంటి తాతయ్యా? మిగతా చోట్ల చెబుతారుగా. ఇదిగో, ఫోన్లో రికార్డింగు ఆన్ చేశాను. చెప్పు."

ఫిబ్రవరి పదో తేదీ అమ్మలూ, ఆదివారం. పొద్దున్నించీ మబ్బు మూసుకుని ఉంది. మిరపకాయలేమో కళ్ళాల్లో ఎండుతున్నాయి, నాలుగు చినుకులు పడ్డాయంటే రంగు పోయి తాలు కిందే లెక్క. ఆరాధన అయ్యాక సంఘపెద్దల మీటింగు పెట్టాం గానీ అందరి చూపూ కిటికీలోంచి పైకే. దేవదానం ఉన్నాడు చూడు, మీ నాయనమ్మకి వరసకి తమ్ముడు, కాయల మీద పట్టా కప్పొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళంతా ఘాటు. నేను తుమ్ముతూనే ఉన్నాను. గుంటూరులో బీఏ చదివేటప్పుడు కూడా అంతే, మా హాస్టలు వెనకాల మిర్చి గోడౌను, పరీక్షలన్నీ తుమ్ముతూనే రాశాను... ఆఁ, ఎక్కడున్నాం? మీటింగు.

ఆ రోజు సునీతని పిలిచాం. సునీత పేరు చెప్పొచ్చు, తనే చెప్పమంది. మనూరి పిల్లే, కనిగిరిలో టీచరు చేసి మళ్ళీ ఇక్కడికే బదిలీ మీద వచ్చింది. తన చిన్నప్పుడు, పద్నాలుగేళ్ళుంటాయేమో, మన చర్చిలోనే హార్మోనియం వాయించేవాడు ఒకడు ఆ పిల్లని పాడు చేశాడు. నేనప్పుడు దర్శిలో లెక్చరర్ని, ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవే. అప్పటి పద్ధతి ఏంటంటే, తప్పు చేసినవాడు ఆదివారం అందరి ముందూ మోకరించి ఏడవాలి. సంఘం అంతా స్తోత్రం అంటుంది. మళ్ళీ బల్లలో చేర్చుకుంటారు, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. అయిపోయినట్టే. తాగినవాడికీ అదే, గట్టు తగాదాకీ అదే, దీనికీ అదే.

సునీతని అడగాలని మాకు తోచలేదు. తోచింది పాస్టరుగారి భార్యకి. పక్క ఊళ్ళో ఎవరో పిల్లకి ఇట్లాగే జరిగితే, మన దగ్గర జరిగితే ఏం చెయ్యాలని మేం తల గోక్కుంటున్నాం. "తెలిసినామె ఊళ్ళోనే ఉంది. ఆమెనడక్కుండా మీలో మీరే మాట్లాడుకుంటారేం?" అంది అమ్మగారు.

సునీత వచ్చింది. మేమంతా వరసగా కూర్చుని, ఎదురుగా ఆమెకో కుర్చీ వేశాం. ఆమె కూర్చోలేదు.

"ఇదే కుర్చీ అండి. ఇట్లాగే వేశారు అప్పుడు కూడా. ఎదురుగా మగాళ్ళు, వెనకాల తలుపు. లేచిపోదామంటే మిమ్మల్నే అడగాలి," అని, కుర్చీ తీసుకెళ్ళి తలుపు పక్కన వేసుకుని కూర్చుంది.

జరిగింది మళ్ళీ చెప్పలేదు. తర్వాత సంఘం ఏం చేసిందో చెప్పింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడిగారట, ప్రతివాళ్ళకీ మొదటినించీ చెప్పాల్సి వచ్చిందట. వాడు మోకరించాక వాడికి చెయ్యి ఇవ్వమన్నారట, సమాధానపడినట్టు. పై ఆదివారం అప్పటి పాస్టరు, పాపం మంచి మనసుతోనే, మైకులో ‘మన సహోదరి సునీత కోసం ప్రార్థిద్దాం’ అన్నాడట. మైకు చర్చి మీద కదమ్మా, ఊరంతా వింది.

"అందరూ నాకోసం ప్రార్థన చేశారు. సోమవారం మిరపకోతకి పోతే పక్క సాలులోకి ఎవ్వరూ రాలేదు," అంది.

దేవదానం ఉండబట్టలేక, "మరైతే మేం ప్రార్థన కూడా మానెయ్యాలంటావా అమ్మాయ్?" అన్నాడు.

"చెయ్యండి బాబాయ్. దేవుడికి నా పేరు తెలుసు. మైకులో చెప్పక్కర్లేదు."

దేవదానం తల గోక్కుని, "అదీ నిజమేలే," అన్నాడు. ఇంతలో చినుకులు పడ్డాయి. ఆ రోజు మొదటిసారి ఎవరూ కళ్ళాలకి పరిగెత్తలేదు. ఆమె చెప్పడం అయ్యేదాకా కూర్చున్నాం. కాయలు కొంచెం పాడయ్యాయి, పోనీ.

ఏడాది తిరక్కుండా మనూళ్ళోనే జరిగింది. ఆ పిల్ల పేరు నీ ఫోన్లో చెప్పను, అడక్కు. చేసినవాడు సొంత మేనమామ. పిల్ల అమ్మమ్మకి చెప్పుకుంది. వాడు ఆ ముసలామె ఒక్కగానొక్క కొడుకు, చూడు ఎట్లాంటి ఇరకాటమో. అయినా శనివారం పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చి, "మీరు పిల్లని చర్చిలో నిలబెట్టేట్టయితే నేను తీసుకురాను," అంది. నిలబెట్టం అని చెప్పి సునీతని పంపాను.

సునీత వెళ్ళి ఏమీ అడగలేదట. పిల్ల మిరపకాయల తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని తనూ తీసింది. మధ్యాహ్నానికి పిల్లే మాట్లాడింది. స్టేషనుకి ఫోను చేస్తే లేడీ ఎస్సై మామూలు చీరలో ఇంటికే వచ్చింది. పిల్ల ఒక్కసారే చెప్పింది, సునీత చెయ్యి పట్టుకుని. కేసు రాశారు. వాడు మాత్రం ఆ రాత్రి దొరకలేదు.

ఆదివారం పొద్దున్నే వాడు చర్చికి వచ్చాడు. పాత పద్ధతి వాడికీ తెలుసుగా. తిన్నగా ముందుకెళ్ళి మోకరించి భోరుమన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను అమ్మలూ. వెనకాల ఎవరైనా ఒక్కరు స్తోత్రం అన్నారంటే మిగతావాళ్ళూ అంటారు, పాటలాగా అందుకుంటారు, ఇక ఆపలేం. కేసు ఉన్నా సరే, సంఘం క్షమించేసిందని ఊళ్ళో మాట పడిపోద్ది. పిల్ల మీద పడతారు, నువ్వూ క్షమించెయ్యి అని.

ఎవరూ అనలేదు. దేవదానం లేచి వెళ్ళి వాడి రెక్క పట్టుకున్నాడు.

"లేవరా. ఈ ఏడుపు ఇక్కడ చెల్లదు. పద, నా బండెక్కు, స్టేషనులో ఏడుద్దువుగాని."

వాడు ఎక్కాడు. బండి మూలుగుతూ పోయింది. దేవదానం బండి సంగతి నీకు తెలుసుగా, సైలెన్సరు తీగతో కట్టి ఉంటుంది. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. ఆ రోజు ప్రార్థనలో ఏ పేరూ రాలేదు. అప్పటినించీ ఇంతే, జ్వరమొచ్చిన వాళ్ళది కూడా చెప్పం. పిల్ల మర్నాడు బడికి పోయింది. ఇప్పుడు నర్సింగు చదువుతోంది, మొన్న నా బీపీ చూసి ఉప్పు తగ్గించమని కసిరింది. కసిరించుకోవడం కూడా బాగుందిలే.

ముసలామె పోయినేడు పోయింది. అంతకుముందే వీలునామా రాయించింది, సాక్షిగా నన్ను తీసుకెళ్ళింది. మిరప వేసే ఎకరం కూతురికి. రెండు గదుల ఇల్లు మనవరాలికి. మేకలు, ఆవిణ్ణి చూసుకున్న పక్కింటామెకి. దస్తావేజు రాసేవాడు కలం ఆపి, "కొడుక్కి ఏం రాయమంటావమ్మా?" అన్నాడు.

"ఏమీ లేదు."

"ఊరికే ఏమీ లేదంటే ఎట్లా, కారణం రాస్తే గట్టిగా ఉంటుంది."

"కారణం రాస్తే పిల్ల సంగతి కాగితం మీదకి ఎక్కుద్ది. వాడికి ఏమీ లేదు అని రాయి. అంతే."

అట్లాగే రాశాడు.