మా బావని దాటినవాళ్ళు

మీ తాత గురించా? ఇప్పుడా? నడుస్తూ మాట్లాడొద్దని నిన్ననే కదా డాక్టరమ్మ నాకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. సర్లే, అడిగావు కాబట్టి చెప్తాను, నువ్వు మాత్రం మెల్లగా నడువు. ఆస్పత్రి ఎక్కడికీ పారిపోదు. మీ తాతంటే నాకు బావే కదా, మా అక్క మొగుడు. పరుపుల కొట్టు ఆయనది. ముప్ఫై ఏళ్ళు తలుపులు బిగించుకుని దూది ఏకాడు. ఎందుకు బిగించుకోవడం అంటే, పక్కన ఇస్త్రీ కొట్టాయన ఉన్నాడే, మహా శుభ్రమైన మనిషి, "మీ దూది నా తెల్లచొక్కాల మీద వాలుతోందండీ" అని రోజుకో గోల. చొక్కాల మీద వాలకూడదు కాబట్టి అది మా బావ గుండెల్లోకెళ్ళి వాలింది. చొక్కాలు మాత్రం తళతళలాడాయి. జనం ఆయన కుట్టిన పరుపుల మీద కాళ్ళు బార్లా చాపుకుని గురకలు పెట్టేవాళ్ళు, ఆయనేమో కుర్చీలో కూర్చుని నిద్రపోయేవాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరందేది కాదు మరి. మా అక్క మంచం మీద కొత్త పరుపు పరిచి, దాని పక్కనే కుర్చీ వేసేది. అదీ మా వాళ్ళ వైభోగం.

నేనా? నేనూ అదే కొట్లో దిండు గలీబులు కుట్టేవాణ్ణి. ఆఁ, అదే దూది, అదే గాలి. కానీ అప్పుడు నాకు దగ్గు లేదుగా, అందుకని నోరుండేది. మా బావ వీధిలో నడుస్తుంటే దీపస్తంభానికోసారి ఆగేవాడు. ఆగి, ఏదో కొట్టు బోర్డు చదువుతున్నట్టు నిలబడేవాడు, ఎవరైనా చూస్తే పరువు పోతుందని. మంగలి కొట్టు బోర్డు ఎన్నిసార్లు చదువుతాడమ్మా మనిషి! "బావా, నడిస్తే నడువు, లేకపోతే ఇంట్లో కూర్చో, నడివీధిలో ఈ నాటకాలేమిటి" అని విసుక్కుని నా దారిన నేను ముందుకెళ్ళిపోయేవాణ్ణి. వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. అంత మంచివాణ్ణి నేను.

ఏం చెప్తున్నాను... ఆఁ, మిషన్. ఛాతీ వార్డులో ఆక్సిజన్ మిషన్ ఒక్కటే ఉండేది. ఆరు మంచాలు, ఒక మిషన్. వంతులేసుకుని పీల్చుకోవాలి. ఓసారి మీ తాతకి బాగా ఎగశ్వాస వస్తే, పక్క మంచం మీద రిటైరైన బస్సు కండక్టరు ఉండేవాడు, ఆయన వంతు మధ్యలో తీసి ఈయనకి పెట్టారు. కండక్టరు నవ్వాడట, "కానివ్వండి, ముందు మీరెక్కండి" అని. పొద్దున్నకి ఆ మంచం ఖాళీ. ఇక చూస్కో, ఇంటికొచ్చాక మీ తాతకి ఒకటే జపం. ఇంకో మిషన్ రావాలి, ఇంకో మిషన్ రావాలి.

వెళ్ళి ఊళ్ళో దానధర్మాలు చేసే క్లబ్బువాళ్ళని అడిగాడు. క్లబ్బు ప్రెసిడెంటు ఎవరనుకున్నావు? సిమెంటు షావుకారు! లారీల్లోంచి బస్తాలు దించుతుంటే వీధి వీధంతా తెల్లబడేది. ఆయన వెంటనే కరిగిపోయాడు. "ఊపిరితిత్తుల కోసం పరుగు పెడదాం మాస్టారూ!" అన్నాడు. పెట్టారు. టోపీలు, బనియన్లు, మైకు. మా బావని తీసుకెళ్ళి అందరికీ ముందు నిలబెట్టి, చేతికి ఇంత పెద్ద పూలగుత్తి ఇచ్చారు. ఆ పుప్పొడికి ఆయన దగ్గుతుంటే అందరూ చప్పట్లు. ఇక ఐదొందల మంది ఒక్కసారి ఆ మట్టి మైదానంలో పరిగెత్తారు చూడూ, ఆ దుమ్ముకి అటునుంచి అటే ఆయన్ని వార్డుకి తీసుకుపోవాల్సొచ్చింది. వచ్చిన డబ్బు? టోపీలకీ బనియన్లకీ సరిపోయింది. షావుకారు వార్డుకొచ్చి మరీ ఓ టోపీ ఇచ్చి వెళ్ళాడు.

మీ తాత ఆ టోపీ పెట్టుకునే అన్నాడు, "ఒరేయ్, నాకోసం పరిగెత్తారు సరే, నాతో నడవమను చూద్దాం." అలా మొదలైంది. కొట్టు దగ్గర్నుంచి ఇదిగో ఈ ఆస్పత్రి దాకా నడక. ఎవరైనా రావచ్చు. షరతు ఒకటే: ఆయన్ని దాటి ఒక్క అడుగు ముందుకేసినా జరిమానా. వసూలుకి దిండు గలీబు, నేనే కుట్టాను. నీలాంటివాళ్ళకి పది నిమిషాల దారి. ఆయనకి రెండు గంటలు. ఓహో, ఏం జనం, ఏం జనం! "ఇదెంత పని" అని వచ్చారు. మొదటి దీపస్తంభం రాకుండానే షావుకారు ఫోనులో అరుస్తూ దాటేశాడు. డాక్టరు రెండుసార్లు దాటాడు, ఛాతీ డాక్టరే! ప్లీడరు మాత్రం, "ఆగినవాణ్ణి దాటడం దాటడం కిందికి రాదు" అని వాదించి, వాదనలో చేతులూపుకుంటూ నాలుగడుగులు ముందుకెళ్ళిపోయాడు. గలీబు తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టాను.

తర్వాతే వచ్చింది చిక్కు. సగం దారి దాటాక జనానికి నడక పట్టుబడిపోయింది. ఆయన ఆగితే ఆగుతున్నారు. ఆయనతో పాటు మంగలి కొట్టు బోర్డు చదువుతున్నారు. అంతమంది, ఒక్క చప్పుడు లేదు, ఆయన ఊపిరి తప్ప. నాకు ఏడుపొచ్చింది. దాచడమెందుకు. మీ తాతకి మాత్రం కోపం ముంచుకొచ్చింది. "ఎవరూ దాటరేమిట్రా? ఇలా అయితే... మిషన్... ఎలా వస్తుంది?" సరే, నేను దాటుతానని ముందుకెళ్ళబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వొద్దు. ఇన్నేళ్ళూ దాటావు చాల్లే. ఇవాళ పక్కన నడు." అంతే. నా జేబులో ఉన్నదంతా గలీబులో వేసి పక్కన నడిచాను. నన్ను చూసి మిగతావాళ్ళూ దాటకుండానే వేశారు.

మిషన్ వచ్చింది. మీ తాత దాన్ని వాడింది రెండు నెలలే. దాని మీద కప్పే గుడ్డ ఇప్పటికీ ఆ గలీబే, చూద్దువుగాని, ఇవాళ నన్ను దాని దగ్గరే కూర్చోబెడతారుగా... అబ్బా, ఈ గేటు దగ్గర ఎత్తు ఎవడు పెట్టాడే... ఆగు. మాట్లాడించకు కాసేపు... బోర్డు ఏం లేదా ఇక్కడ? ... ఏయ్ అమ్మాయ్. ఎక్కడికి? నన్ను దాటావు. తియ్యి.