పగులు మీద గాజుముక్క

భీమిలి వెళ్లే దారిలో కొండవాలు కింద, గెడ్డ అనే కొండవాగు మీద పాత వంతెన. కొండ వైపు ఎల్లాజీ టీకొట్టు, అవతలి వైపు గవర్రాజు టిఫిన్ హోటలు. అక్కాచెల్లెళ్లను చేసుకున్న తోడల్లుళ్లు. 1998లో, వానలు కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, గవర్రాజు హోటల్లో.

“...అది కాదు తమ్ముడూ, ఇంజినీరు ఏటన్నాడో సెప్పు. వంతెన మూసేత్తారా, నేదా?”

“ముందు టీ తాగు, అన్నియ్యా.”

“నాకు టీకొట్టు నేదేటి? నీ టీ నాకెందుకు?”

“మరి ఆ సేతిలోదేటి?”

“ఇచ్చినావు, తాగేను. మూసేత్తారా?”

“నీకెందుకంత ఆత్రం?”

“నీ గురించేరా బెంగ. వంతెన మూసేత్తే పట్నం నించొచ్చే బస్సులన్నీ నా వైపే ఆగిపోవాల. నీ హోటలు ముందు కుక్కలు పడుకోవాల. పాపం.”

“పాపమంటూ నవ్వుతన్నావేటి?”

“నవ్వు కాదు, పన్నునొప్పి.”

“అన్నియ్యా, నా వైపు నేల సదునుగా ఉంది. నీ వైపు కొండవాలు. బస్సు ఎక్కడాపుతాడు సెప్పు?”

“అదే నానంటన్నాను! నీకన్నా ముందు కొట్టెట్టింది నాను. సదునైన నేల నీకు. అత్తోరింట్లో పెద్దల్లుణ్ణి నాను. కోనాం సేప తలకాయ నీ కంచంలో, తోక నా కంచంలో. లాభం వచ్చిందంటే నీ కాతా, నట్టం వచ్చిందంటే నా కాతా.”

“తలకాయ వద్దన్నది నువ్వే గదా, ముళ్లని.”

“ఒకసారన్నాను. ఒక్కసారి! ఎవులైనా బతిమాలేరా? సర్లే, అదొదిలీ. గాజు సంగతి సెప్పు.”

“ఏ గాజు?”

“తెలీనట్టు అడుగుతావేటి? నా వైపు వంతెన గోడ పగులు మీద ఇంజినీరు సిమెంటుతో అంటించిన గాజుముక్క. కొండ జారి గోడని తోసిందంటే ముందు ఆ గాజు పగుల్తాదన్నాడు. పగిలిందా, ఆయేళే బస్సులు ఆపేత్తానన్నాడు.”

“ఈయేళ వచ్చి సూసేడులే.”

“సూసి?”

“గాజు బాగుందన్నాడు. వంతెనకి ఢోకా నేదని రాసుకుని ఎల్లిపోయేడు.”

“బాగుండడమేటి?”

“బాగుండకూడదా?”

“అలాగని కాదు... దగ్గిరికెల్లి సూసేడా?”

“వేలెట్టి తడిమి మరీ సూసేడు.”

“నేదు. అలాగవదు.”

“ఎందుకవదు?”

“ఊరికే అన్నాను.”

“ఊరికే కాదు. నాను సెప్పనా? మొన్న తెల్లారి మీ మరదలు గెడ్డలోకి దిగితే గాజు రెండు ముక్కలై ఉంది. దాని కింద బురదలో నీ సెప్పు దిగబడి ఉంది. పట్టుకొచ్చి నా ముందెట్టింది.”

“అది...”

“ఎవులకీ సెప్పొద్దన్నాను. కుళ్లు పుట్టింది, పగలగొట్టేసినాడు, ఏటి సేత్తాం, మనోడే అనుకున్నాను. మా మిఠాయి బీరువా అద్దంలోంచి ముక్క కోసి, అదే సోట అంటించి, కొత్త సిమెంటుకి మసి రాసేను. నీ పరువూ నిలబడింది, నా బేరమూ నిలబడింది.”

“ఇంజినీరు ఎంత దూరం పోయుంటాడు?”

“ఈపాటికి భీమిలి సేరిపోయుంటాడు. కాళ్లట్టుకుంటావా ఏటి?”

“తమ్ముడూ, అల్లదిగో, బస్సొత్తంది. వంతెన ఎక్కనీకు. ఎదురెల్లి ఆపు!”

“ఇంత సెప్పినా నా బస్సు మీదే నీ ఏడుపా?”

“కాదురా! రాయట్టుకునే ఎల్లేను, పగలగొడదామనే ఎల్లేను. పిల్లల మీద ఒట్టు, కాదన్ను.”

“ఒప్పుకున్నావు గదా, ఇంకేటి?”

“నానెల్లేసరికే అది పగిలిపోయుందిరా!”