చంద్రుడి వెనక స్క్రూ

"గిటారు బాగు చేసుడంటే ఏమన్న బ్రహ్మవిద్యనా? మగ్గం నేసినోనికి అదెంత?"

వరంగల్ కాశిబుగ్గలో మొగిలయ్య టీ కొట్టు ముందరి బల్ల మీద సుందర్ రావు మొదలుపెట్టాడు. తెల్లారితే చర్చి వార్షికోత్సవం. ఆయన కూతురు ఏంజెల్ మొదటిసారి అందరి ముందూ ఎలక్ట్రిక్ గిటార్ వాయించాలి. చర్చిలో పాటల బృందాన్ని నడిపే ఏసమ్మ ఆయనకు సొంత అక్క. ఆమె వచ్చి నిలబడటం చూసి ఆయన గొంతు ఇంకా పెంచాడు.

"నిన్న మా బిడ్డ తీగ మీటితె సాలు, జుయ్యని మోత. సూస్తె తీగ కింద పిసరంత స్క్రూ సడలింది. కండ్లద్దాలు బిగించే స్క్రూడ్రైవర్ తెచ్చి ఒక్క తిప్పు తిప్పిన. మోత బంద్."

"గంతేనా?" అన్నాడు ఆటో వెంకటయ్య నిరాశగా.

"ఆగు తమ్మీ, ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గిటారుల బందైన మోత మా ఫ్రిజ్‌ల లేసింది! ఫ్రిజ్ బిగిస్తె ఫ్యాన్‌లకు దుంకింది, ఫ్యాన్ బిగిస్తె గోడ అవతల మా కుమారస్వామి మోటర్‌ల దూరింది, ఆయినె స్నానం చేస్తాండు పాపం, సబ్బు మొఖంతోనే 'అన్నా, పట్టుకో' అని మొత్తుకుంటాండు, నేను విడుస్తనా? పడుగు సడలితె బిగించుడే, మగ్గపోనికి ఇంకో మంత్రం రాదు. మోటర్ల నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ల జొచ్చింది. ఎక్కిన. కరెంట్ ఉండంగనే బిగించిన."

"షాక్ కొట్టలేదా సుందరన్నా?" అన్నాడు మొగిలయ్య, టీ వడగడుతూ.

"కొడదామనే అచ్చింది. నన్ను సూసి ఎనుకకు పోయింది."

బల్ల మీదివాళ్లు నవ్వారు. ఏసమ్మ నవ్వలేదు.

"ఇగ తీగెలెంబడి పోయి రైలు పట్టాలల్ల దాసుకున్నది. నెక్కొండ దాక ఒక్కొక్క బోల్ట్ బిగించుకుంట పోతాన, ఎనుక సూపర్‌ఫాస్ట్ అస్తాంది, డ్రైవర్ తల బయటపెట్టి 'సార్, జర జల్ది కానియ్యుండ్రి' అని బతిమాలుతాండు."

"బండి కింద పడకపోతివి!"

"బండికే నేను అందలేదురా. నెక్కొండల మోత మాయం. ఏడికి పోయిందని మీదికి సూస్తె, సందమామ వణుకుతాంది!"

"దానికి స్క్రూ ఏడుంటది అన్నా?"

"ఎనుక దిక్కుంటది. మనకు కనవడదు."

వెంకటయ్యకు పొలమారింది. "బిగించినవా మరి?"

"బిగించకుంటె కింద పడకపోవునా? ఇప్పుడు సూడుండ్రి, వరంగల్ మొత్తంల ఏడన్న జుయ్యన్నదా?"

"మరి గిటారు?" అంది ఏసమ్మ.

"వెన్నపూస లెక్క పలుకుతది అక్కా. రేపు ఇంటవు గద."

"పొద్దుగాల ఏంజెల్ నా దగ్గరికి తెచ్చింది. నువ్వు స్క్రూతోని ఆగలే సుందరూ. గిటారు మెడల ఇనుప కడ్డీ ఉంటది సూడు, దాన్ని మగ్గం బిగించినట్టు బిగించినవు. కట్టె నిలువునా పలిగింది. సప్పుడు జెయ్యకుండ సంచిల పెట్టి జిప్ గుంజినవు."

నవ్వులు ఆగిపోయాయి.

"షాపుల సూపెట్టినవా?" అన్నాడు సుందర్ రావు.

"సూపెట్టిన. ఇగ పనికి రాదన్నడు."

"ఎవరిదన్న అడిగి తేరాదు?"

"హసన్‌పర్తిల లావణ్యకు ఉన్నది. తన గిటారు ఇంకొకల చేతికి ఇయ్యదట. అందుకే ఆ పిల్లనే రమ్మన్న. రేపు ఆమెనే వాయిస్తది."

"మరి మా బిడ్డ?"

"జొరమని ఇంట్లనే పండుకుంటదట. గిటారు పలిగినట్టు తనకు ఎరుకేనని నీకు చెప్పద్దన్నది, నాయిన మొఖం చిన్నబోతదని. నేను గూడ చెప్పద్దనే అచ్చిన. నువ్వు సందమామ దాక పోతివి."

సుందర్ రావు ఖాళీ గ్లాసు ఎత్తి తాగి, కింద పెట్టాడు.

"హసన్‌పర్తి లావణ్య గిటారా?" అన్నాడు. "మొన్న అది గూడ జుయ్యంటాందని నా కాడికే..."

వెంకటయ్య లేచి ఆటో స్టార్ట్ చేశాడు. పాటల ప్రాక్టీసుకు టైమైందని ఏసమ్మ అందులో ఎక్కి కూర్చుంది.