కుక్కల దొడ్డి

హలో… ఆ ఆ, నేనే. మొగిలవ్వను…

బాగున్న… బిడ్డ గూడ బాగుంది. ఎల్లవ్వ పెద్దమ్మ తాన ఇడిచిపెట్టి అచ్చిన…

గొంతా? ఏం లేదు. కోరుట్ల దాక బస్సుల నిలవడి అచ్చిన, గందుకే…

ఇగ ఇను. మన రాజంకు పానం బాగలేదు… జరం. మస్తు జరం. ఒక్కటే నీ పేరు కలవరిస్తుండు. నువ్వు రావాలె… వచ్చే శుక్రారం దాక అచ్చెయ్యి. నీ అరబ్బాయనను అడుగు, తమ్మునికి బాగలేదని చెప్పు…

— ఆ సార్, చెప్పిన సార్. రమ్మన్న సార్.

…ఎవలు లేరు. నువ్వు ఆగు జెర.

— సార్, గీ ఫోన్ డబ్బల ఉక్కపోస్తంది. మీరు బయట గాలికి కూసోండ్రి. నేనేడికి పోత సార్, తలుపు మీ ముంగటనే ఉన్నది… ఆ, ఐదు నిమిషాలే సార్.

…

పోయిండు. నువ్వు నడుమ మాట్లాడకు. గిప్పటిదాక చెప్పింది అబద్దం. రాకు… ఇన్నవా? ఊరికి రాకు.

పోలీసాయన. ఠాణ నుంచి నా ఎంబడి అచ్చిండు. అద్దం అవుతల కుర్చీ ఏస్కొని నా మొకమే చూస్తుండు. నేను నవ్వుకుంట చెప్త. నవ్వుతున్నదేందని అనుకోకు…

నువ్వు రాసిన ఉత్తరానికి… అదే, కుక్కల ఉత్తరం.

అడివిల అన్నలు ఆగయ్య కుక్కను వాకిట్లనే గొడ్డలితోని నరికి పోలే? మేమస్తె మొరుగుతున్నయ్, ఊర్లె ఒక్క కుక్క కనవడొద్దు, కనవడితె ఇంటాయనకు గిదే గతి అని చెప్పిపోలే? సంపబుద్ది గాక రాజం నీకు రాసిండు. నువ్వేం రాసినవ్? మా అరబ్బాయన కుక్కలకు పెద్ద జాగ ఉంది, చుట్టు గోడ, లోపట తాళ్లు లెవ్వు, గొలుసులు లెవ్వు, కట్టేస్తె మొరుగుతయ్, ఇడిస్తె ఆడుకుంటయ్ అని. పటం గూడ గీస్తివి. గీడ గోడ, గాడ నీళ్ల తొట్టి, ఎనుక చిన్న తలుపు…

ఆ, కట్టిన్రు. ఊరంత కలిసి దొడ్డి కట్టిన్రు, బందైన ఇటుక బట్టి కాడ. ముప్పై కుక్కలు. నీ మోతి గూడ… మంచిగనే ఉండె. నువ్వు చెప్పినట్టే మొరుగుడు బందువెట్టినయ్. పోరగాండ్లు రోజు చూడవోతుండె.

రాజం వంతులు రాసిండు. నీ పటం ఎనుకనే రాసిండు. ముప్పై నోర్లు, పూటకు నాలుగు కుండల జొన్న గట్క, సోమారం ఎల్లవ్వ, మంగళారం లింగన్న… కుక్కలు అని రాయలే. ఊరందరికి ఎర్కే గదా, ఎందుకు రాస్తడు? గా ఒక్క మాట రాయలే…

మొన్న పొద్దుగాల పోలీసులు అచ్చిన్రు. ఊర్లె కుక్క లేకపాయె, ఎవలకు తెలుస్తది? పొయ్యి కాడ ఉన్న, తిరిగి చూస్తె తుపాకులు. రాజం జేబుల గా కాయితం దొరికింది…

ఎస్సై చదివిండు. ముప్పై మంది దళానికి బువ్వ వండిపెడుతున్నరు, గిది వాళ్లు దాక్కునే జాగ అన్నడు. రాజం ఒర్రిండు, కుక్కలు సార్, కుక్కలు సార్ అని. ఎంత ఒర్రితె గంత కొట్టిన్రు. పండ్లు రాలి వాకిట్ల పడ్డయ్. ఆఖరికి, రాండ్రి చూపెడ్త అని తీస్కపోయిండు. నేను ఎనుక ఉరికిన.

…తలుపు తీసి ఈల ఏసిండు. గట్క తెచ్చిండనుకున్నయ్. తోకలు ఊపుకుంట అన్ని ఉరికచ్చినయ్…

కాల్చిన్రు.

ఎందుకా? నేను గూడ గదే అడిగిన. కుక్కలను ఊరు దాటిచ్చుడంటె అన్నలకు తొవ్వ ఇచ్చుడే అన్నడు ఎస్సై. సగం పానంతోని ఉన్నయాటిని కట్టెలతోని కొట్టిన్రు… నీ మోతి అన్నిటికంటె ముంగట అచ్చింది.

లింగన్న నల్లకుక్క ఒక్కటే రాలే. బట్టి బొక్కల పిల్లలు పెట్టింది. ఎంత ఈల ఏసినా రాలే. బతికింది.

…ఆగు. ఆయన లేసి నిలవడ్డడు… ఏం లేదు, బీడి ముట్టిచ్చుకుంటుండు.

పటం గీసింది ఎవలన్నరు. పెండ్లైన కాడికెల్లి నేను అనని నీ పేరు నా నోటితోని అనిపిచ్చిన్రు. జుట్టు వట్టి గోడకు కొట్టిన్రు. ఒక్కసారి కాదు… ఆఖరికి నీ పేరు చెప్పిన. నాదే తప్పు. ఇప్పుడు నువ్వు రాంగనే బస్టాండ్లనే పడుతరు.

…ఏంది?

అస్తవా! పిచ్చి లేసిందా నీకు? అచ్చి ఏం చెప్తవ్? కుక్కల కోసం గీసిన సార్ అంటవా? రాజం చెప్పలేదా గా మాట?

…ఎవలను ఇడిపిస్తవ్? ఠాణల ఉన్నడని నీకెవలు చెప్పిన్రు? నేను జరమన్న… అది గూడ వాళ్లు చెప్పమన్నదే.

రాజం లేడు.

…లేడయ్యా. మోతి మీద బోర్ల పడ్డడు. లేసి నిలవడు అన్నరు. లెవ్వలే. దాన్ని కావలిచ్చుకున్నడు, చెయ్యి ఇడువలే. ఇద్దరిని కలిపే కాల్చిన్రు. బొంద గూడ ఊరోళ్లతోనే తవ్విచ్చిన్రు. సచ్చిన కుక్కలన్ని ఒక దిక్కు, నీ తమ్ముడు ఒక దిక్కు. నువ్వు గీసిన గోడ లోపటనే…

ఏడువకు. నువ్వేడిస్తె నాకు ఏడుపస్తది. నేను నవ్వాలె… ఆయన చూస్తుండు.

ఇను. శుక్రారం అస్తవని చెప్త. శుక్రారం దాక మా జోలికి రారు. గా లోపట బిడ్డను ఎత్తుకొని సిరిసిల్లకు పోత, కనకవ్వక్క తాన. బట్ట నేసే సాంచెల పనికి మస్తుమంది అస్తరు, గా మందిల నన్నెవలు గుర్తువడ్తరు… దొరికితె దొరుకుత. నువ్వైతె దొరకకు. బిడ్డకు ఎవలన్న ఒక్కలుండాలె.

…అస్తుండు, తలుపు కాడికి అచ్చిండు. ఇప్పుడు నేను నిన్ను పిలుస్త. మంచిగ పిలుస్త. పిలిస్తె అచ్చినయే సచ్చినయ్, యాదుంచుకో. నువ్వు రాకు—

— ఆ సార్, ఐపోయింది సార్. గీ ఒక్క మాట.

…ఇగో, ఇంటున్నవా? శుక్రారం తప్పకుంట రా. తమ్ముడు నీ కోసమే చూస్తుండు…

— ఏడుస్తుండు సార్. తమ్మునికి జరమంటె తట్టుకుంటలేడు.

…ఆ. ఆ. నీ మోతి గూడ మంచిగుంది. వాకిట్లనే పండుకొని నీ తొవ్వనే చూస్తంది… పెడుతున్న మరి.

…

అస్త అన్నడు సార్. శుక్రారం.