కాలు పట్టేసిన ఏడు

"తాతా, తొడ ఎనకాల పట్టేసింది. రేపు పరుగుపందెం ఉండాది. నూనె రాసి గెట్టిగా పిసుకు."

పిసకను పాపా. కోప్పడితే కోప్పడు. మాయమ్మ అట్లే కానుగ నూనె కాంచి, ఉన్న బలమంతా పెట్టి రుద్దింది. తెల్లారేతలికి నా తొడంతా నల్లంగా కమిలిపోయింది.

యాడికో పోయినా, ఉండు, మొదట్నించీ చెప్తా. తెల్లోళ్ళు పోయిన మరుసటేడు, కాదు కాదు, వాళ్ళు పోయిన ఏడే. ఐరాల ఊరి పక్కన మాకూ నా జతగాడు మునస్వామోళ్ళకూ ఒగటే బావి. నేను నీళ్ళు తోడే ఏతాం మాను మీంద అటూ ఇటూ నడస్తా, మునస్వామి కింద నిలబడి బాన వంచి నీళ్ళు పోస్తాడు. నేను పాట ఎత్తితే వాడు బదులు పాడతాడు. మాకు పొద్దు పోయేది తెలిసేదే కాదు, తెలుసునా. ఒగనాడు మంచుకు మాను తడిసి ఉంటే నాకు జారింది. ఒగ కాలు ముందుకు సాగిపోయి, తొడ ఎనకాల పటుక్కుమనింది.

కట్లు కట్టే పెద్దాయన వచ్చి సూసి, రుద్దినందుకు మాయమ్మను తిట్టినాడు. ఎముక బాగుండాది, కండ చినిగింది, రుద్దొద్దు, తడిగుడ్డ ఏసి కదలకుండా పండుకోబెట్టమన్నాడు. వాపు తీసినాక పండుకోనే మోకాలు ముడిచి చాపల్లంట, ఆపైన చదునులో మెల్లింగా నడవల్లంట. నడిస్తే నొప్పి లేదనేదాకా మాను ఎక్కనే కూడదన్నాడు.

మంచి మాటే. అయితే పగలంతా ఒగన్నే పండుకోవల్ల. మాయమ్మ కూలికి పోతాది. మునస్వామికి చేను ఎండతా ఉండె. సాయంత్రం ఒగసారి తొంగిసూసి, "నువ్వు లేకుంటే నీళ్ళు పారవప్పా. పైరు పోతే నేను కోలారు బంగారు గనుల్లో పనికి పోవల్సిందే" అనినాడు. వాడు పోతే నాకెవురుండారు? నొప్పి లేదని చెప్పి మర్నాడే మాను ఎక్కినా. నాలుగడుగులు ఏసినానో లేదో, మళ్ళీ చినిగింది, ముందుకన్నా పెద్దగా.

వాడే నన్ను వీపు మీంద ఏసుకుని ఇంటికి తెచ్చినాడు. పైరు ఎండింది, వాడు కోలారుకు పోయినాడు. నా కాలు... అదే మెల్లింగా బాగయింది. మళ్ళీ ఏతాం ఎక్కినా. కింద ఇంగొకాయన, మంచోడే, నీళ్ళు పోస్తాడు. పాట ఎత్తితే బదులు పలకడు. కొన్నాళ్ళకు నేనూ పాడేది మానేసినా.

రేపు పరుగెత్తొద్దు పాపా. తడిగుడ్డ ఏస్తా, పండుకో. నీ జతగత్తెల్ని ఈడికే రమ్మని పిలస్తా, కూసోని మాట్లాడుకోండి. ఒగదానివే పండుకుంటే నొప్పి లేకపోయినట్టే అనిపిస్తాది, లేసి పరుగెత్తబుద్ధవుతాది. చల్లంగుండు తల్లీ...