బావిలో ఈత

నలభై దాటిన బాలస్వామి నడుముకు ఎండు సొరబుర్ర కట్టుకుని మోటబావిలో తేలుతున్నాడు. గట్టు మీద దాసన్నకు ఒళ్లు మండింది.

"ఆ బుర్ర ఇప్పరా! ఈదేది అది, నువ్వు కాదు. చిన్నప్పుడు మా నాయన నన్ను ఒక్కసారిగా బావిలోకి నూకేసినాడు, నేర్చుకోలేదా?"

"పిల్లోళ్లకు భయముండదన్నా. నాకుండాది."

"ఈ వయసులో ఈత యాలరా? అలిగిపోయిన నీ పెండ్లాం పెన్నేటికి అవతలే కదా. ఎండిన ఇసకలో నడిచిపో."

"నడిచే పోయినా. తలుపు తీయలేదు. ఏరు పారేటప్పుడు వస్తే, నాకోసమే వచ్చినావని నమ్ముతా అనింది."

దాసన్న బావిలోకి దిగి, అతని పొట్ట కింద చెయ్యి పెట్టాడు.

వాన కార్తెలన్నీ పోయేసరికి బాలస్వామి బుర్ర లేకుండానే ఈ దరి నుంచి ఆ దరికి ఈదాడు.

"నేర్చేసుకుంటివి! ఇంకేమిరా దిగులు?"

బాలస్వామి పెన్న దిక్కు చూశాడు.

"ఏరు రాలేదన్నా."